అక్క బావిలో నేను వేసిన గుర్రపుడెక్క

మా అక్క బావిలోకి గుర్రపుడెక్క ఎలా వచ్చిందన్న దాని మీద వడమాలపేట చుట్టుపక్కల మూడు నెలల పాటు రకరకాల మాటలు నడిచాయి. కొంగ కాళ్ళకు అంటుకుని వచ్చిందని కొందరు, వాన నీటికి కొట్టుకొచ్చిందని కొందరు అన్నారు. గిట్టనివాళ్ళు మంత్రించి వేశారని కూడా ఒకామె తేల్చింది. నిజానికి అది తిరుచానూరు నుంచి పల్లెవెలుగు బస్సులో, నీలం రంగు ప్లాస్టిక్ బకెట్లో, నా ఒళ్ళో కూర్చుని వచ్చింది.

నేను తిరుచానూరులో ఒక లాడ్జిలో పనిచేస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు ఉతికించి, మిద్దె మీద ఆరబెట్టించి, గదులకు అందించడం నా పని. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా శాఖా గ్రంథాలయంలోనే. పాతికేళ్ళకు పైగా రోజూ సాయంత్రం పోతున్నాను. అందరిలా నచ్చిన పుస్తకం తీసుకుని చదవను. బీరువాల వరసలో చదువుతాను. మొదటి బీరువా పై అర మొదలుకుని కింద అర దాకా, తర్వాత రెండో బీరువా. భక్తి పుస్తకాలు, చరిత్ర, వైద్యం, ఖగోళం అన్నీ ఆ వరసలోనే వచ్చాయి. లాడ్జిలో గది ఖాళీ ఉందా అన్న ప్రశ్నకు తప్ప, మిగతా ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబు ఉండేది. అయితే నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

మా అక్క అసలు అడిగేది కాదు. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చంకన ఎత్తుకుని తిప్పిన మనిషి కాబట్టి నా పాండిత్యం మీద ఆమెకు పెద్ద గురి లేదు. వడమాలపేట దగ్గర ఆమెకు ముప్పాతిక ఎకరా మల్లెతోట ఉంది. బావ పోయినప్పటి నుంచి తోట పని తనదే. మొగ్గలు కోయించి, గంప కట్టుకుని, తిరుపతి పూల మార్కెట్టుకు బస్సులో తానే తీసుకుపోతుంది.

ఆ తోటకు నీళ్ళు ఒక పాత రాతికట్టు బావి నుంచి వస్తాయి. బావి ఇద్దరిది. సగం అక్కది, సగం పక్క చేను పెద్దాయనది. ఒకరోజు అక్క మోటారు ఆడితే, మరుసటి రోజు ఆయన మోటారు ఆడుతుంది. పెద్దాయన టమాటా వేస్తాడు, రెండు బర్రెలున్నాయి. మాట తక్కువ. ఆడే ప్రతి మాటకు ముందు ఒక దగ్గు దగ్గుతాడు. ఆ దగ్గు పొడవును బట్టి వచ్చే మాట ఎంత గట్టిదో చెప్పవచ్చు.

ఆ ఏడు కార్తీకమాసానికి ముందు బావిలో నీళ్ళు పాచిపట్టి, పచ్చగా, వాసనగా తయారయ్యాయి. నేను వెళ్ళినప్పుడు అక్క ఒక చెంబుతో ముంచి నా ముక్కు కింద పెట్టింది.

“సూడ్రా, ఇవి నీళ్ళా, గోరింటాకు రసమా? ఇంతింత పుస్తకాలు సదువుతావే, నీళ్ళు తేటగా అయ్యే దారి యాడన్నా రాసుండారేమో సూడరాదా?”

యాభై రెండేళ్ళ నా జీవితంలో మా అక్క నా చదువుతో పని పడి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. తిరిగి వస్తూ బస్సులో కూర్చోవడానికి సీటు ఉన్నా నిలబడే వచ్చాను. అంత సంతోషం.

ఈ ఒక్క పనికి బీరువాల వరస తప్పాను. వారం రోజులు వెతికితే ఐదో బీరువా అట్టడుగున, అట్ట ఊడిపోయిన వ్యవసాయ పుస్తకం ఒకటి దొరికింది. అందులో నీటి మొక్కల గురించి ఒక అధ్యాయం, ఆ అధ్యాయంలో గుర్రపుడెక్క. ఆకు గుర్రం డెక్కలా గుండ్రంగా ఉంటుందని ఆ పేరట. మా వైపు తమిళం ఎరిగినవాళ్ళు ఆకాశ తామర అంటారు. దాని వేర్లు నీటిలోని మురికిని పీల్చేసి, నీటిని తేటపరుస్తాయని రాసి ఉంది. అంతటితో ఆగలేదు. దానితో ఎరువు చేయవచ్చు, బుట్టలు అల్లవచ్చు, పేడతో కలిపి గ్యాసు తీయవచ్చు. ఇన్ని గుణాలున్న మొక్క లాడ్జి వెనక మురుగు కుంటలో అడిగే దిక్కు లేకుండా పడి ఉందని నాకు జాలి కూడా కలిగింది. పేజీ చివరి మాట “అయితే” అని ఉంది. పేజీ తిప్పబోతుంటే దీపాలు ఆర్పేశారు. వేళయిపోయింది.

ఆ రోజు గురువారం. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. అమ్మవారి వారం కాబట్టి లాడ్జిలో శుక్రవారం సెలవు దొరకడం కష్టం. అయినా కడుపునొప్పి అని చెప్పి తీసుకున్నాను. శనివారం దాకా ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ అక్క అడిగి అప్పటికే వారం దాటింది, జవాబు జేబులో పెట్టుకుని ఊరకే కూర్చోవడం నా వల్ల కాలేదు.

కుంటలో దిగి, మంచి దిట్టమైనవి ఎనిమిది మొక్కలు ఏరి బకెట్లో పెట్టుకున్నాను. ఒకటి పూత మీద ఉంది. బస్సులో పక్కన కూర్చున్నామె బకెట్లోకి తొంగి చూసింది.

“ఏం పువ్వుప్పా అది, తామరా?”

“తామర కాదమ్మా. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా.”

“అంత దూరం నుంచి ఈ బకెట్లోనే తెచ్చినావా?”

కండక్టర్ కూడా వంగి చూసి, “సామీ, నీళ్ళు సీటు మీద పడకుండా సూస్కో. మీ అమెరికాకు టికెట్ కొట్టడం లేదులే,” అన్నాడు. బస్సంతా నవ్వింది. చదువు లేని జనం అనుకుని నేనూ కొంచెం నవ్వాను.

నేను వెళ్ళే సరికి అక్క మార్కెట్టుకు పోయి ఉంది. అదీ మంచిదే అనుకున్నాను. మొక్కల్ని బావిలో వదిలి, ఎవరికీ చెప్పకుండా తిరుగు బస్సెక్కాను. నీళ్ళు అద్దంలా తేటబడ్డాక, “ఇది ఎట్లా అయిందిరా?” అని అక్క ఆశ్చర్యపోతే, అప్పుడు నెమ్మదిగా విప్పి చెబుదామని నా ఆలోచన. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆ తర్వాత వారం అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి. లాడ్జిలో వరండాల్లో కూడా జనం పడుకున్నారు. దుప్పట్లు ఆరే లోపల అడిగేవాళ్ళు. చివరి రోజు పంచమి తీర్థం ముగిసి, ఊరు కాస్త ఊపిరి తీసుకునే దాకా గ్రంథాలయం గడప తొక్కలేదు. తొక్కిన రోజు ఐదో బీరువా తెరిచి, “అయితే” తర్వాత పేజీ తిప్పాను.

అయితే ఈ మొక్క పరమ మొండిదట. రెండు వారాలకు ఒకటి రెండవుతుందట. నీటిని మూసేసి, కింద ఉన్న వాటికి గాలీ వెలుగూ అందనివ్వదట. నీళ్ళు ఎండలో ఆవిరయ్యే దానికంటే దీని ఆకుల గుండా ఎక్కువ పోతాయట. దోమలు పెరుగుతాయట. పంపులకు అడ్డం పడుతుందట. దీన్ని కొత్త నీటిలో వదలకూడదని ఆ పేజీలో రెండు చోట్ల రాసి ఉంది. చాకలి చీటీ వెనక లెక్క వేశాను. ఎనిమిది పదహారు, పదహారు ముప్పై రెండు. శివరాత్రికి బావి నిండుతుంది. ఆ పై పది పదిహేను సార్లు రెట్టింపు చేసి చూసి, అది వడమాలపేట పొలిమేర దాటడంతో చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

నా వారపు సెలవు బుధవారం. ఆ బుధవారమే పరుగెత్తాను. అక్క నన్ను చేయి పట్టుకుని బావి దగ్గరికి లాక్కుపోయింది. ఒక మూల ముప్పై దాకా మొక్కలు, ఊదారంగు పూలతో.

“సూడ్రా ఎంత బాగుండాదో! ఎవరేసినారో గాని వాని చెయ్యి సల్లగుండ. రెండు పూలు దేవుని పటానికి కూడా పెట్టినా.”

“అక్కా, దీన్ని పెరికేద్దాం. ఇది మంచిది కాదు.”

“పూసే చెట్టును పెరకాల్నా? నోరు కడుక్కో. పూలు అమ్ముకుని బతికేదాన్ని, పూత మీదుండే చెట్టు మీద చెయ్యి ఎయ్యమంటావా?”

పూలతోటల వాళ్ళకు అదొక పట్టింపు. పూతలో ఉన్న మొక్కను వేరుతో తీయరు. అది కలుపైనా సరే, పూలు రాలే దాకా ఆగుతారు. గుర్రపుడెక్కకు మాత్రం ఆ ఆగడం లేదు. ఒక పువ్వు వాడితే పక్కన రెండు పూస్తాయి. నేనే వేశానని ఆ నిమిషం చెప్పి ఉంటే ముప్పై మొక్కలతో పోయేది. “వాని చెయ్యి సల్లగుండ” అని దీవించిన నోటితో, తర్వాత ఏమంటుందోనని చెప్పలేకపోయాను. అదీగాక, నాకొచ్చిన ఒకే ఒక్క ప్రశ్నకు తప్పు జవాబు ఇచ్చానని ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

మాఘమాసానికి బావి మూతపడింది. ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా నీటి చుక్క కనపడకుండా పచ్చటి పరుపు. అక్క కోడిపెట్ట ఒకటి నేల అనుకుని దాని మీద దిగి నాలుగు అడుగులు నడిచింది. ఐదో అడుగుకు దానికి రెక్కలున్న సంగతి గుర్తొచ్చింది. పూల సంగతి అక్క మరిచిపోయింది. వేర్లు జడలుగా దిగి మోటారు పైపు చివర చుట్టుకున్నాయి. మోటారు రొద పెడుతుందే గాని కాలవలోకి నీళ్ళు రావడం లేదు. అప్పుడే మల్లెకు కొమ్మలు కత్తిరించి, కొత్త చిగురు వేసే కాలం. చిగురుకు రెండు మూడు వారాలు తడి అందకపోతే ఆ ఏటి పూత పోయినట్టే. అక్కకు ఏడాది గడిచేది ఆ ఎండాకాలపు పూత మీదే.

దాంతో తిట్లు మొదలయ్యాయి. నేను వెళ్ళిన ప్రతి బుధవారం నాకు మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, బావిలో మొక్క వేసినవాణ్ణి తిట్టేది.

“వాని చెయ్యి పడిపోను! వానికి తిన్నది ఒంటికి పట్టకపోను! వాడెక్కిన బస్సు నడి దారిలో నిలిచిపోను!”

ఆ రోజు నా తిరుగు బస్సుకు టైరు పేలింది. నేను శాస్త్రీయ దృక్పథం ఉన్నవాణ్ణి. అయినా మరుసటి వారం రైల్లో వెళ్ళాను.

అంతకంటే కష్టమేమిటంటే, అక్క అనుమానం పెద్దాయన మీద పడింది. “ఇంకెవరేస్తారు? బర్రెలకు మేత కోసం ఆయప్పే ఏసుంటాడు. దగ్గేదానికి ముందు ఆలోచన, దగ్గినాక దొంగపని.” ఆయన వినేట్టుగా గట్టు మీద నిలబడి అనేది. ఆయన వినేవాడు. దగ్గి, లోపలికి పోయేవాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే బావి నీళ్ళు వంతులుగా వాడుకున్న ఇద్దరూ మాటలు మానేశారు.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదటి పేజీలోని ఉపయోగాలు నిజం చేసి చూపిస్తే పాపం కొంత తగ్గుతుందని, వెళ్ళినప్పుడల్లా అంచున అందినన్ని తీసి గోతం సంచిలో లాడ్జికి తెచ్చేవాణ్ణి. కాడల్ని మిద్దె మీద దుప్పట్ల పక్కన ఆరబెట్టాను. యాత్రికులు కొందరు అది కొండ మీది మూలికేమోనని తలా ఒక కాడ కాగితంలో చుట్టుకుపోయారు. మిగిలిన వాటితో కౌంటరు స్టూలుకు ఒక చాప అల్లాను. దాని మీద ఒక పూట కూర్చుని లేచిన మేనేజరు తన ప్యాంటు వెనక వైపు తడుముకుంటూ, “నాయనా, ఇది లాడ్జినా, గడ్డివామా?” అని అడిగాడు. చాప పోయింది.

ఈ మొక్కను మాత్రమే తిని బతికే ఒక రకం ముక్కుపురుగు ఉందని అదే పుస్తకంలో చదివి, అది ఎక్కడ దొరుకుతుందని గ్రంథాలయం మేడమ్‌ను అడిగాను. ఆమె రిజిస్టరు నుంచి తల ఎత్తకుండా, “మా ఇంట్లో బియ్యం డబ్బా నిండా ముక్కుపురుగులే ఉండాయి సార్. డబ్బా తెచ్చి ఇచ్చేదా?” అంది. బియ్యంలోది వేరు, ఇది వేరు అని పది నిమిషాలు విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, పుస్తకం గడువు దాటిందని చెప్పింది.

చివరికి అక్కే దారి కనిపెట్టింది. చేత్తో లాగితే అంచువి తప్ప రావు. నడిమధ్యవి లాగాలంటే పాతాళభేది కావాలి. బావిలో పడిన బిందెల్ని, బకెట్లని పైకి తీయడానికి వాడే ఇనుప కొక్కేల గుత్తి అది. తాడు కట్టి విసిరితే దేన్నైనా పట్టుకుంటుంది. ఆ చుట్టుపక్కల అది ఉన్నది ఒక్క పెద్దాయన దగ్గరే. అదీగాక మా వైపు ఒక పద్ధతి ఉంది. పాతాళభేదిని ఊరకే ఇవ్వరు, ఊరకే అడగరు. తీసుకుపోయేవాళ్ళు తమ ఇంటి పాత్ర ఒకటి అక్కడ కుదువ పెట్టాలి. కొక్కేలు తిరిగి ఇచ్చాకే పాత్ర తిరిగి వస్తుంది. ఎంత దగ్గరివాళ్ళయినా అంతే.

“నేను పోను,” అంది అక్క. “నువ్వు పో. ఇది పెట్టేసి రా.”

ఆమె ఇచ్చింది ఒక సత్తు చెంబు. అంచు సొట్ట, అడుగున చిల్లు. మంచి ఇత్తడి చెంబు గూట్లో ఉండగానే వెతికి వెతికి ఇది తీసింది.

పెద్దాయన చెంబును ఎండకేసి ఎత్తి, చిల్లులోంచి నన్ను చూశాడు. కొంచెం పొడుగ్గానే దగ్గాడు.

“మీయక్కకు నా మీద ఇంత మర్యాద ఉండాదని తెలీదప్పా.”

“అన్నా, తొందర్లో చేతికందింది ఇచ్చింది.”

“సరేలే. ఈ కొక్కేలు మీరే పెట్టుకోండి, నాకింక బావితో పనిలేదు. ఎల్లుండి బోరుబండి వస్తాండాది.”

నీళ్ళ పాయింటు చూసే ఆయన వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడట. బావికి ఇరవై అడుగుల దూరంలో కాయ నిక్కి నిలబడిందట. కొబ్బరికాయ శాస్త్రం గురించి నాకు అభిప్రాయాలున్నాయి. కానీ బావి పక్కన లోతు బోరు దిగితే ఆ బావి గతి ఏమవుతుందో తెలియడానికి శాస్త్రం అక్కర్లేదు. మా జిల్లాలో అలా ఎండి, ముళ్ళకంప నిండిన బావులు దారి పొడుగునా కనిపిస్తాయి. అక్కకు బోరు వేయించుకునే స్తోమత లేదు. బావి ఎండితే మల్లెతోట లేదు.

“ఎందుకన్నా ఇంత పని? బావి బాగయిపోతాది గదా.”

“బావి బాగయితాది, మనుసులు బాగు కావల్ల గదా. ఆ చెట్లు ఆయమ్మే పెంచుకుంటాండాదని నేను ఊరకుండినా. పూలు అమ్మే మనిషి, కొత్త రకం పువ్వు ఏదో తెచ్చి ఏసుకునిందిలే, ఆశపడినప్పుడు మనం ఎందుకు చెయ్యి పెట్టేదని అంచున ఒక ఆకు కూడా తుంచలా. ఇప్పుడేమో నేనే ఏసినానని గట్టు మీద నిలబడి తిడతాండాది. ఈ వయసులో నాకు ఆ తిట్లు అవసరమా?”

ఇద్దరూ ఎదుటివాళ్ళే వేశారనుకున్నారు. ఆయనేమో మర్యాదకు పెరకలేదు, ఆమేమో పూత మీద ఉందని పెరకలేదు. మధ్యలో బకెట్టు మోసినవాణ్ణి నేను.

“అన్నా, ఆ చెట్లు ఏసింది నువ్వు కాదు, అక్క కాదు. నేను.”

ఈసారి వచ్చిన దగ్గు నేను ఎప్పుడూ విననంత పొడవుగా సాగింది. అది సగంలో నవ్వుగా మారింది. ఆయన నులకమంచం పట్టె పట్టుకుని నవ్వాడు. బర్రెలు రెండూ మేత ఆపి చూశాయి.

“నువ్వా! పుస్తకాల సామీ! ఎందుకప్పా?”

“నీళ్ళు తేటబడతాయని చదివినా.”

ఆయన కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మామూలు మనిషయ్యాడు. “ఇంత చెప్పినావు గాబట్టి నేనూ ఒకటి చెబుతా. ఈ మాట మీయక్కకు నువ్వే చెప్పల్ల. నేను చెప్పను. రేపు సాయంత్రం లోపల ఆయమ్మ వచ్చి ఒక్కసారి అన్నా అని పిలిస్తే బోరుబండిని రావద్దంటా. లేదంటే వాళ్ళ దారిన వాళ్ళు వచ్చేస్తారు. ఈ చెంబు నాకొద్దు. కుదువకు నీ దగ్గరేముండాది?”

జేబులో బస్సు టికెట్టు, చాకలి చీటీ, గ్రంథాలయం సభ్యత్వ కార్డు ఉన్నాయి. ఆయన కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, దేవుని పటం వెనక దోపాడు.

అక్క బావి మెట్ల మీద కొడవలితో కూర్చుని, అంచున వేర్లు కోస్తూ ఉంది. చేతిలో కొడవలి లేనప్పుడు చెబుదామా అనుకున్నాను. అలా అనుకునే కదా మూడు నెలలు గడిపానని, రెండు మెట్లు పైనే నిలబడి చెప్పేశాను.

“అక్కా, ఈ చెట్లు ఆయన ఏయలా. నేను తెచ్చి ఏసినా.”

“ఏం?”

“తిరుచానూరు నుంచి. బస్సులో. నీళ్ళు తేటగా అయ్యే దారి సూడమన్నావు గదా.”

ఆమె కొడవలి కింద పెట్టింది. ముఖంలో రక్తం లేదు. కోపం కోసం సిద్ధంగా ఉన్న నాకు ఆ ముఖం అర్థం కాలేదు. ఉన్నట్టుండి రెండు చేతులతో తన చెంపలు వాయించుకోవడం మొదలుపెట్టింది.

“అయ్యో, అయ్యో, నిన్నా రా నేను ఇన్ని దినాలు తిట్టింది! మజ్జిగ తాపించి తిట్టినానే! పద, పద లోపలికి!”

నన్ను ఇంట్లోకి ఈడ్చుకుపోయి, తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టింది. గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తీసి నా చుట్టూ తిప్పసాగింది. తిప్పుతూ తాను పెట్టిన శాపాలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంది. “చెయ్యి పడిపోను అన్న మాట పోను. తిన్నది ఒంటికి పట్టకపోను అన్న మాట పోను. బస్సు మాట పోను...” నాకు తెలియనివి, నేను లేనప్పుడు పెట్టినవి కూడా చాలా ఉన్నాయని అప్పుడు తెలిసింది. కొన్ని చాలా బాగున్నాయి. మధ్యలో ఒకటి మరిచిపోయి, “పళ్ళ మాట అన్నానా రా?” అని నన్నే అడిగింది. నాకు గుర్తులేదంటే, ఎందుకైనా మంచిదని దాన్నీ తీసేసింది. మిరపకాయలు పొయ్యిలో వేసి, ఘాటు వచ్చిందా లేదా అని ముక్కు పెట్టి చూసింది. ఇద్దరం దగ్గాము. దిష్టి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక, “ఇప్పుడు లెయ్,” అంది. లేచాను. మూలనున్న చీపురు తీసుకుంది.

ఇంటి చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణ చేశాక ఆమెకు ఆయాసం వచ్చి ఆగింది. అప్పుడు బోరుబండి సంగతి చెప్పాను. చీపురు అక్కడే పడేసి, గూట్లోని ఇత్తడి చెంబు తీసి, చింతపండుతో తోమి, తల దువ్వుకుని, గట్టు దాటింది. నేను పది అడుగులు వెనక నడిచాను.

పెద్దాయన మంచం మీద నుంచి లేచాడు. ఇద్దరూ కాసేపు బర్రెల వైపు చూశారు.

“అన్నా,” అంది అక్క. “దొంగోడు మా ఇంట్లోనే ఉండాడు. నేను నిన్ను అన్న మాటలన్నీ వానివి. వానికే పంపించేయి.”

“వానికి చీపురుతో ఇచ్చినట్టుండావు గదమ్మా. ఈడదాకా వినిపించింది.” చిన్న దగ్గు. “బోరుబండి వాళ్ళకు ఫోను చేసి చెబుతాలే.”

చెంబు ఆయన చేతికిచ్చి, నా కార్డు అడిగి తీసుకుంది. అది నాకివ్వకుండా తన రవికెలో దోపుకుంది. “బావి బాగయ్యేదాకా నీకు పుస్తకం లేదు,” అంది.

రెండు రోజులు పట్టింది. లాడ్జికి మళ్ళీ కడుపునొప్పి అని చెప్పాను. పెద్దాయన గట్టు మీద నుంచి కొక్కేలు విసిరి లాగేవాడు. పరుపు ముక్కలు ముక్కలుగా తెగి మెట్ల దగ్గరికి వచ్చేది. అక్క, మొగ్గలు కోసే కూలీ ఆడవాళ్ళిద్దరు కలిసి గంపలకెత్తేవాళ్ళు. గంప మోసి, బావికి దూరంగా, చుక్క నీరు తిరిగి లోపలికి పోని ఎత్తు చోట పరచడం నా పని. నీటి దగ్గర వదిలితే ముక్క నుంచి మళ్ళీ మొలుస్తుందని నేనే చెప్పాను, అందుకే ఆ దూరం. ఏడో గంపకు మెడ పడిపోయింది.

“ఇంత బరువేందప్పా ఇది,” అన్నాడు పెద్దాయన.

“ఈ మొక్కలో తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే అన్నా. కాడ లోపల గాలి గదులుంటాయి, అందుకే తేలుతాది...”

“ఒరే, సెప్పింది సాలు, మొయ్యి,” అంది అక్క కింద నుంచి.

రెండో రోజు మధ్యాహ్నానికి మొక్కలన్నీ బయటపడ్డాయి. మోటారు పైపు చివర జడలు కోసేసి స్విచ్చి వేస్తే, గొంతు సవరించుకుని నీళ్ళు కక్కింది. కాలవలో నీళ్ళు మల్లె పాదుల వైపు పాకుతుంటే అక్క వాటి పక్కనే వంగి నడిచింది, పసిబిడ్డ తొలి అడుగుల వెంట నడిచినట్టు. నేను, పెద్దాయన గట్టు మీద నుంచి బావిలోకి చూశాము. మెట్లు నీటి కింద ఆరోది దాకా లెక్కపెట్టవచ్చు. పాచి లేదు, వాసన లేదు.

దగ్గు కూడా లేకుండా పెద్దాయన అన్నాడు, “అమ్మా, నీళ్ళయితే నిజంగానే తేటబడినాయి.”

“అన్నా, నీకు దండం పెడతా, వాని ముందర ఆ మాట అనొద్దు.”

నేను ఏమీ అనలేదు. మొక్కల గుట్టను పేడతో, చెత్తతో పొరలుగా గుంటలో కప్పుతూ ఉన్నాను. ఎరువు సంగతిలో కూడా పుస్తకం సరిగ్గానే చెప్పిందని ఆ ఏడు వానలకు తేలింది. అదీ నేను అనలేదు.

అందరం చేతులు కడుక్కుని, అక్క చేసిన రాగి సంకటి, పచ్చిపులుసు ముందు కూర్చున్నాక, ఆమె కార్డు తీసి నా ఆకు పక్కన పెట్టింది. మెత్తగా అడిగింది.

“ఇంక మళ్ళీ రాదు గదా?”

రాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇది ఆమె నన్ను అడిగిన రెండో ప్రశ్న. నాకు జవాబు తెలుసు.

“చెట్లయితే పోయినాయి గాని, పూలు పూసినాయి గదా, గింజలు బావి అడుగు బురదలో ఉంటాయి అక్కా. నీళ్ళు తగ్గి బురద తేలినప్పుడు మొలుస్తాయి. పదిహేను, ఇరవై ఏళ్ళ దాకా కూడా గింజ సావదంట.”

సంకటి ముద్ద పెద్దాయన నోటి దాకా వెళ్ళి ఆగింది.

“ఇరవై ఏళ్ళా?” అంది అక్క.

“అంతంట.”

“అయితే ఇరవై ఏళ్ళు ప్రతి బుధవారం నువ్వు వచ్చి, మెట్లు దిగి, బురద సూసి పోవల్ల. ఒక్క మొలక కనబడినా పెరికి, నాకు సూపించి పోవల్ల.”

“అన్ని బుధవారాలా?”

“పండగైనా, పబ్బమైనా.”

ఇది మూడో ఏడు. ఒక్క బుధవారం తప్పలేదు. నీళ్ళు తగ్గే వైశాఖంలో కింది మెట్ల దగ్గర వేలిగోరంత మొలకలు దొరుకుతాయి. మొదటి ఏడు పద్నాలుగు, పోయిన ఏడు తొమ్మిది. నేను కింద ఒంగి వెతుకుతుంటే, వాళ్ళిద్దరూ గట్టు మీద కూర్చుని ఆ మూల చూశావా, ఈ రాయి సందు చూశావా అని చెబుతుంటారు. వాళ్ళ చేతుల్లో కాఫీ ఉంటుంది. నా కాఫీ పైకి వచ్చాకే.

మొన్న బుధవారం మెట్లు ఎక్కుతూ మోకాలు పట్టి, మధ్యలో కూర్చున్నాను. అక్కకు అరవై ఐదు నిండుతాయి, పెద్దాయనకు డెబ్బై మూడు.

“అక్కా, ఇరవై ఏళ్ళ లెక్క నువ్వు గుర్తు పెట్టుకుంటావా? అప్పటికి నీకు ఎనభై దాటుతాది.”

“నాకేం, నేనుంటా. నువ్వు సగంలో ఎగ్గొట్టేది లేకుండా సూసుకునేదానికైనా ఉంటా.”

పెద్దాయన దగ్గాడు. పొడుగు దగ్గు. “నేను కూడా ఉంటానప్పా. కొక్కేలు నావి గదా.”

“ఆ ఎడమ పక్క రాయి కింద సూడలేదు,” అంది అక్క.

మళ్ళీ దిగాను.